మొదటిసారి అద్దెకివ్వడం: రేటు ఎంత పెట్టాలి, ప్రకటన ఎలా రాయాలి?

కొత్తతాళం:

పెట్టుబడి కోసం ఒకే భవనంలో రెండు ఫ్లాట్లు కొన్నాను. ఒకటి రెండు పడగ్గదులది, మూడో అంతస్తు. ఇంకొకటి ఒక పడగ్గదిది, మొదటి అంతస్తు. లిఫ్ట్ లేదు. రెండూ వచ్చే నెలాఖరుకి ఖాళీ అవుతాయి.

అద్దె ఇలా లెక్కకట్టాను: బ్యాంకు కిస్తీ, మెయింటెనెన్స్, ఇంటి పన్ను కలిపి, దాని మీద 10 శాతం. వచ్చిన అంకె సైట్లలో కనిపిస్తున్న అలాంటి ఇళ్ల కన్నా 12 శాతం ఎక్కువ ఉంది. ఆ రేటుకే పెట్టి, ఎవరూ రాకపోతే మెల్లగా తగ్గించుకుంటూ రావచ్చా? రెండో ప్రశ్న, లిఫ్ట్ లేదని ప్రకటనలోనే చెప్పాలా, ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు చెప్పాలా? మూడోది, మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ పెట్టి ఇస్తే ఎక్కువ అద్దె వస్తుందంటున్నారు. పెట్టడం మంచిదేనా?

లెక్కలపద్దు:

ముందు ఆ కిస్తీ లెక్క పక్కన పెట్టేయండి. మీరు ఎంత అప్పు తెచ్చారో, ఎంతకు కొన్నారో అద్దెకు వచ్చేవాళ్లకు తెలియదు, తెలిసినా వాళ్లకు అనవసరం. పక్క ఫ్లాట్ ఓనర్ అప్పు లేకుండా కొనుంటే ఆయన సగం అద్దెకే ఇస్తాడా? ఇవ్వడు కదా. కిస్తీ లెక్క పనికొచ్చేది ఇల్లు కొనాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు. కొన్న ధరలో నెలకు 1 శాతం అద్దె రావాలనే సూత్రం కూడా అంతే. అది కొనబోయే ఇళ్లను జల్లెడ పట్టడానికే. కొన్న తర్వాత అద్దె తేల్చేది ఒక్కటే: అలాంటి ఇల్లు ఆ చుట్టుపక్కల ఇప్పుడు ఎంతకు దొరుకుతోంది.

దాన్ని పట్టుకోవడానికి ఇంకా సమయం ఉంది, ఇవాళే మొదలుపెట్టండి. మీ భవనానికి నడిచి వెళ్లగలిగే దూరంలో, అన్నే పడగ్గదులున్నవి, వాడుకునే విస్తీర్ణం మీదానికి 10, 15 శాతం అటూఇటూ ఉన్నవి ఒక్కో ఫ్లాట్‌కి 8 నుంచి 10 ఎంచుకోండి. గోడల మందం, మెట్లు, వరండాలు కలిపి చెప్పే విస్తీర్ణాన్ని, లోపల కాలు పెట్టగలిగే విస్తీర్ణంతో పోల్చకండి. కొత్తవాళ్ల లెక్క ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఒక షీట్‌లో ఒక్కో ఇంటికి ఒక వరుస: మొదట కనబడిన తేదీ, అడిగిన అద్దె, మెయింటెనెన్స్ అందులోనే ఉందా విడిగానా, అంతస్తు, లిఫ్ట్, పార్కింగ్, సామాను, రేటు మార్చిన తేదీ, తీసేసిన తేదీ. మూడు వారాల పాటు రోజు విడిచి రోజు చూస్తే చాలు.

ఎందుకింత శ్రమంటే, మీరు సైట్లో చూస్తున్నది అడిగే రేటు, కుదిరిన రేటు కాదు. పైగా ఏ రోజు సైట్ తెరిచినా కంటికి ఎక్కువగా ఆనేవి ఎవరూ తీసుకోక మిగిలిపోయినవే. సరైన రేటున్నవి వారం, పది రోజుల్లో వెళ్లిపోతాయి కాబట్టి ఒక్కసారి చూసిపోయేవాళ్లకు అవి కనబడవు. అందుకే మీరనే 12 శాతం తేడా నిజానికి ఇంకా ఎక్కువే ఉండొచ్చు. రెండు వారాల్లోపు మాయమైన ఇళ్ల రేటు మార్కెట్‌కి దగ్గర. 45 రోజులైనా కదలనివి పైహద్దు ఎక్కడుందో చెప్తాయి. తీసేసినవన్నీ అద్దెకు పోయాయనుకోకండి. పాత ప్రకటన తీసేసి అదే ఇంటిని కొత్తగా పెట్టే అలవాటు బ్రోకర్లకుంది, ఫొటోలు పోల్చితే దొరికిపోతుంది. ఒకే ఇల్లు ముగ్గురు పెట్టి ఉంటే మీ షీట్‌లో దాన్ని ఒక్కటిగానే రాసుకోండి.

మీ రెండు ఫ్లాట్లకీ చదరపు అడుగుకి ఒకే రేటు కట్టకండి. చిన్న ఇంటికి అడుగు అద్దె సాధారణంగా ఎక్కువే పలుకుతుంది. వంటగది, బాత్రూమ్ ఎంత చిన్న ఇంట్లోనైనా ఉండాలి, పెద్ద ఇంట్లో అదనంగా వచ్చేది చాలావరకు ఉత్త నేల. ఇక మూడో అంతస్తుకి లిఫ్ట్ లేనందుకు ఎంత తగ్గించాలో ఊహించి వేయకండి. మిగతావన్నీ ఒకేలా ఉండి, ఒకదానికి లిఫ్ట్ ఉండి ఒకదానికి లేని జంటను మీ షీట్‌లో వెతకండి. ఆ రెండింటి తేడానే మీ సర్దుబాటు. పార్కింగ్‌కీ, వెలుతురుకీ, రోడ్డు రొదకీ ఇదే పద్ధతి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఎక్కువ పెట్టి తగ్గించుకుంటూ రావడం అన్నిటికన్నా ఖరీదైన దారి. అద్దె నెలకు 1000 అనుకోండి, ఏడాదికి 12,000. ఒక్క నెల ఖాళీగా ఉంచి మిగతా 11 నెలల్లో అదే మొత్తం రావాలంటే నెలకు 1,091 కావాలి. 9 శాతం ఎక్కువ వస్తే గానీ కనీసం సమానం కారు. ఖాళీగా ఉన్న ఆ నెల మెయింటెనెన్స్, కరెంటు కనీస చార్జీ కూడా మీ జేబులోంచే పోతాయి. దానికితోడు కొత్త ప్రకటనను చాలా సైట్లు మొదటి కొన్ని రోజులు పైన చూపిస్తాయి, కొత్త ఇళ్లకు అలర్టులు పెట్టుకున్నవాళ్లకు కబురు వెళ్లేదీ అప్పుడే. ఆ రోజులు తప్పుడు రేటుతో గడిపేస్తే, తర్వాత తగ్గించినా అదే మంది మళ్లీ చూడరు. చూసినవాళ్లు కూడా "ఇన్నాళ్లూ ఎందుకు పోలేదు, ఏదో లోపం ఉండుంటుంది" అనుకుంటారు.

ఇంకొకటి. సైట్లలో వెతికేవాళ్లు గరిష్ఠ బడ్జెట్ గుండ్రటి అంకెల్లో పెడతారు. ఆ బడ్జెట్ గీత 15,000 దగ్గర ఉంటే 15,200 అడిగినవాడు 200 కోసం ఆ గీత కింద వెతికే అందరికీ కనబడకుండా పోతాడు. సరిగ్గా గీత దగ్గరైనా ఉండండి, లేదా దాని పైన బాగా దూరంగా ఉండండి. గీత దాటి కొంచెం మాత్రం వద్దు.

వెలుగునీడ:

రేటు సంగతి పైన పూర్తిగా చెప్పేశారు, నేను ప్రకటన గురించి రాస్తాను.

ఫొటోలకు ముందు ఇల్లు సిద్ధం కావాలి. కారే కొళాయిలు, పోయిన బల్బులు, బిగుసుకున్న తలుపులు, బాత్రూమ్ టైళ్ల మధ్య నలుపు, ఇవన్నీ అయిపోయాకే కెమెరా తీయండి. పాత అద్దెదారు సామాను మధ్య తీసిన ఫొటోలతో ప్రకటన పెడితే ఇల్లు ఇరుకుగా కనబడుతుంది. వాళ్ల వస్తువులు వాళ్ల అనుమతి లేకుండా చూపించినట్టూ అవుతుంది. నాలుగు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు, శుభ్రమైన ఖాళీ గది పెట్టండి.

ఫోన్ కెమెరా చాలు. పగలు, కర్టెన్లు పూర్తిగా తెరిచి, లైట్లన్నీ వేసి తీయండి. ఫోన్ అడ్డంగా, ఛాతీ ఎత్తులో, వంచకుండా నిటారుగా పట్టుకోండి. పైకో కిందికో వంచితే గోడలు వాలిపోయినట్టు వస్తాయి. గది మూలలో నిలబడి ఎదురు మూల వైపు తీయాలి. అర రెట్టు (0.5x) వెడల్పు లెన్స్ జోలికి పోకండి. దానితో గది రెట్టింపు పెద్దదిగా కనబడుతుంది, వచ్చినవాళ్లు గుమ్మంలోనే మొహం ముడుచుకుని వెళ్తారు. అలా పదిమంది వచ్చి వెళ్లడం కన్నా సరైన ముగ్గురు రావడం నయం. బాత్రూమ్, వంటగది, సింక్ కింద అర కూడా పెట్టండి. వీటి ఫొటో లేకపోతే దాస్తున్నారనే అనుకుంటారు. ఒక్కో ఫ్లాట్‌కి 12 నుంచి 18 ఫొటోలు. మొదటిది బాగా వెలుతురున్న గదిది, మిగతావి గుమ్మంలోంచి నడుచుకుంటూ వెళ్లే వరుసలో ఉంచండి. కొలతలతో చేతిగీత ప్లాన్ ఒకటి పెడితే తమ మంచం పడుతుందో లేదో ఇంటి దగ్గరే చూసుకుని వస్తారు. ఫొటోల్లో తాళంచెవులు కనబడనివ్వకండి, పళ్లు స్పష్టంగా ఉంటే బొమ్మ చూసి నకలు చేయొచ్చు. ఖాళీ ఇల్లు అని ప్రకటించి ఫ్లాట్ నంబరు కూడా చూపించడం దొంగలకు దారి చెప్పడమే.

శీర్షికలో పడగ్గదులు, వాడుకునే విస్తీర్ణం, ఏ ప్రాంతం, ఎప్పటి నుంచి ఖాళీ, ఒక్క ప్రత్యేకత. "అద్భుతమైన", "తప్పక చూడండి" లాంటివి ఎవరూ చదవరు. వివరణలో మొదట డబ్బు రాయండి: అద్దె ఎంత, మెయింటెనెన్స్ ఎంత, నీళ్లు, కరెంటు ఎవరిది, డిపాజిట్ ఎంత, కనీస గడువు ఎంత. చదివినవాళ్లకు నెలకు మొత్తం చేతిలోంచి ఎంత పోతుందో తెలియాలి. తర్వాత పార్కింగ్, పెంపుడు జంతువులు, ఇంటర్నెట్ లైన్, బట్టలు ఆరేసుకునే చోటు. "కుటుంబాలకే", "ఫలానావాళ్లకు వద్దు" లాంటి మాటలు కొన్ని దేశాల్లో చట్టవిరుద్ధం. డిపాజిట్ ఎంత తీసుకోవచ్చు, అద్దె ఎంత పెంచవచ్చు అన్నదానికి కూడా చాలాచోట్ల పరిమితులున్నాయి. ప్రకటన పెట్టకముందే మీ చోట చట్టం ఏమంటుందో చూసుకోండి, పెట్టాక కాదు.

లిఫ్ట్ సంగతి ప్రకటనలోనే చెప్పండి, అదీ మొదటి మూడు వాక్యాల్లోనే: "మూడో అంతస్తు, మెట్లు మాత్రమే". మీరు మార్చలేని లోపాన్ని దాస్తే ఒరిగేదేమీ లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మూడంతస్తులు ఎక్కి తిట్టుకుంటూ దిగుతారు. చెప్తే మాత్రం, ఆ లోపం ఉందని తెలిసి ఆ రేటుకి ఒప్పుకున్నవాళ్లే వస్తారు. బేరం దగ్గర దాన్ని మళ్లీ ఎత్తడానికి వాళ్లకి అవకాశం ఉండదు.

మోసగాళ్లు మీ ఫొటోలనే ఎత్తుకుని సగం అద్దెకి నకిలీ ప్రకటన పెట్టి, చూపించకుండానే అడ్వాన్స్ లాగుతారు. ఫొటో మధ్యలో పలచగా ఒక గుర్తు వేయండి, ఇల్లు ఖాళీగా ఉన్నన్నాళ్లూ వారానికోసారి మీ ఫొటోలతో వెతకండి. బ్రోకర్లకు ఇస్తే అందరికీ ఒకే రేటు, ఒకే ఫొటోలు ఇవ్వండి. ఒకే ఇల్లు మూడు రేట్లకి కనబడితే అద్దెకు వచ్చేవాళ్లు అన్నిటికన్నా తక్కువదాన్నే పట్టుకుంటారు.

మూడోగడప:

లెక్కలపద్దు గారు చెప్పిన 9 శాతం లెక్క నిజమే కానీ అది సరిగ్గా ఏడాదికి వెళ్లిపోయే అద్దెదారుకి. రెండేళ్లుంటే 24 నెలల అద్దె 23 నెలల్లో రావాలి, 4.3 శాతం ఎక్కువ వస్తే సమానం. మూడేళ్లయితే 2.9 శాతమే. పెంపుదలకి చట్టం పరిమితి పెట్టినచోట మొదటి అద్దె మీదే తర్వాతవన్నీ నిలబడతాయి. అందుకని భయపడి మార్కెట్ కన్నా 8, 10 శాతం తక్కువకి ఇచ్చేయడం కూడా నష్టమే. షీట్‌లో తేలిన రేటుకే పెట్టి, రెండు వారాలు గట్టిగా నిలబడమంటాను.

రెండు వారాల తర్వాత కూడా కుదరకపోతే వెంటనే రేటు మీద పడకండి. మనుషులు ఎక్కడ ఆగిపోతున్నారో చూడండి, కారణం అక్కడే ఉంటుంది.

సైట్లో చూసినవాళ్లు ఉండి ఫోన్లు రాకపోతే రేటో మొదటి ఫొటోనో కారణం. ముందు ఫొటో మార్చండి, అది ఉచితం. మూడు నాలుగు రోజులు చూసి అప్పుడు రేటు. చూసినవాళ్లే లేకపోతే సెట్టింగుల్లో ఏదో తప్పుంది: పడగ్గదుల సంఖ్య, ప్రాంతం పిన్, ఖాళీ తేదీ సరిచూసుకోండి. మ్యాప్‌లో పిన్ ఒక వీధి అవతల పడితే ఆ ప్రాంతం ఎంచుకున్నవాళ్లకి మీ ఇల్లు లేనట్టే.

ఫోన్లు వచ్చి చూడ్డానికి రాకపోతే, ఫోన్లో వాళ్లకి తెలిసిన కొత్త విషయం ఏదో ప్రకటనలో లేదన్నమాట. ఎక్కువగా అది మెయింటెనెన్సో డిపాజిట్టో. లేదా మీరు జవాబు ఆలస్యంగా ఇస్తున్నారు. ఇల్లు వెతికేవాళ్లు ఒకే పూట ఐదారుగురికి మెసేజ్ పెడతారు, ముందు జవాబిచ్చినవాళ్ల ఇంటికే ముందు వెళ్తారు. రెండు గంటల్లోపు జవాబు వెళ్లాలి.

వచ్చి చూసి వెళ్లిపోతుంటే ఇంట్లో ఏదో ఉంది, ఫొటోకి అందనిది. మూసి ఉంచిన ఇంట్లో వాడని డ్రైన్ల గొట్టం వంపులో నిలిచి వాసనను ఆపే నీళ్లు ఎండిపోయి మురుగు వాసన వస్తుంది. వారానికోసారి ప్రతి డ్రైన్‌లో ఒక చెంబు నీళ్లు పోస్తే పోతుంది, చూడ్డానికి వచ్చేముందు అరగంట కిటికీలు తెరవండి. గోడ చెమ్మ, పక్కింటి శబ్దం, చీకటి మెట్లు కూడా ఇక్కడే బయటపడతాయి. వెళ్లేవాళ్లని "ఏం నచ్చలేదండీ?" అని సూటిగా అడగండి, చాలామంది చెప్తారు. ముగ్గురు ఒకే మాట అంటే అది సరిచేయాల్సిందే.

అన్నీ నచ్చి ఒప్పందం దగ్గర జారిపోతుంటే షరతులు చూసుకోండి: డిపాజిట్, కనీస గడువు, చేరే తేదీ.

రేటు తగ్గించాల్సి వస్తే ఒకేసారి 4, 5 శాతం తగ్గించండి, వీలైతే కిందున్న గుండ్రటి గీతకి. వారానికి 1 శాతం చొప్పున దింపుతూ పోతే చూస్తున్నవాళ్లు ఇంకా దిగుతుందని ఆగుతారు.

కొత్తతాళం:

అందరికీ ధన్యవాదాలు. షీట్ మొదలుపెట్టాను. సామాను ప్రశ్న మిగిలింది. ఇంకో రెండు: రేటు తగ్గించే బదులు "మొదటి నెల ఉచితం" అని పెట్టొచ్చా? ఇద్దరు ముగ్గురు ఒకేసారి సిద్ధమైతే ఎవరికివ్వాలి?

లెక్కలపద్దు:

మూడోగడప గారి దిద్దుబాటు సరైనదే, ఒక మాట కలుపుతాను. రెండేళ్లు ఉంటారన్న నమ్మకం మార్కెట్ రేటుకి చేరినవాళ్ల మీద పెట్టుకోవచ్చు. 9 శాతం ఎక్కువ కడుతున్నవాళ్లకి ఆరు నెలల్లో పక్కింటి అద్దె తెలుస్తుంది, గడువు ముగియగానే వెళ్లిపోయేది వాళ్లే. అప్పుడు మళ్లీ ఖాళీ నెల, పెయింటు, బ్రోకర్ ఖర్చు. అందుకే ఉన్న మంచి అద్దెదారు దగ్గర పెంచేటప్పుడు కూడా మార్కెట్‌కి 2, 3 శాతం కిందే ఆగడం లాభం.

సామానుకి ఒక భాగహారం చాలు. సామాను ఖర్చు 6 నెలల అద్దె అనుకుందాం, దానివల్ల అద్దె 15 శాతం పెరుగుతుందనుకుందాం. 6 ని 0.15 తో భాగిస్తే 40. పెట్టింది తిరిగి రావడానికే 40 నెలలు, అదీ రిపేర్లు లేకుండా. పరుపు, వాషింగ్ మెషీన్ అన్నాళ్లు చెక్కుచెదరకుండా ఉండవు. పాడైన ప్రతిసారీ ఫోన్ మీకే వస్తుంది. తక్కువ కాలానికి వచ్చే ఉద్యోగులు, విద్యార్థులు ఎక్కువున్నచోట ఒక పడగ్గది ఫ్లాట్‌కి మాత్రం ఆలోచించండి. 15 శాతం వస్తుందా అన్నది మీ షీట్‌లో సామాను ఉన్న, లేని ఇళ్ల జంటలే చెప్పాలి. రెండు పడగ్గదులదానికి వచ్చే కుటుంబానికి తన సామాను ఉంటుంది, మీది అడ్డమవుతుంది. ఫ్యాన్లు, లైట్లు, గోడ అల్మరాలు, గీజర్, కర్టెన్ రాడ్లు పెడితే సరిపోతుంది. ఇవి లేకపోతే మాత్రం నిజంగా ఇల్లు వదులుకుంటారు.

నెల ఉచితం అంటే ఏడాది మీద 8.3 శాతం తగ్గింపే, పేరు మాత్రమే వేరు. కాగితం మీద అద్దె ఎక్కువ కనబడుతుంది, తర్వాతి పెంపు దాని మీదే వస్తుంది, అది మీకు లాభం. కానీ సైట్లో వెతికేవాళ్లకి కనబడేది కాగితం మీది అద్దే, బడ్జెట్ గీత దాటిపోయినవాళ్లని ఉచిత నెల వెనక్కి తేలేదు. పైగా రెండో ఏడాది అద్దె ఒక్కసారిగా పెరిగినట్టు అనిపించి వెళ్లిపోతారు. రెండు ఫ్లాట్ల ఓనర్‌కి సూటి రేటే మంచిది. ఇవ్వాల్సి వస్తే ఆ నెలని మొదట ఇవ్వకండి, పన్నెండో నెలగా ఇవ్వండి. మధ్యలో వెళ్లిపోతే ఆ రాయితీ మీరు ఇవ్వాల్సిన పని ఉండదు.

మూడోగడప:

ఎవరికివ్వాలన్నది మనుషుల్ని చూశాక నిర్ణయించకండి. చూడకముందే నాలుగు షరతులు రాసుకోండి, అందరికీ అవే వర్తించాలి: చేతికొచ్చే ఆదాయం అద్దెకి కనీసం మూడు రెట్లు, గుర్తింపు పత్రం, ఆదాయం రుజువు, పాత ఓనర్ మాట. అన్నీ ఉన్న మొదటివాళ్లకి ఇవ్వండి. ఇలా చేస్తే "మాకెందుకు ఇవ్వలేదు" అన్నవాళ్లకి జవాబు కాగితం మీద ఉంటుంది. పాత ఓనర్‌ని అడిగేటప్పుడు ఇప్పటి ఇంటి ఓనర్‌తో ఆగకండి, అంతకుముందు ఇంటి ఓనర్‌ని అడగండి. ఇబ్బంది పెట్టే అద్దెదారుని వదిలించుకోవాలనుకునే ఇప్పటి ఓనర్ మంచిమాటే చెప్తాడు, పాతాయనకి ఆ అవసరం లేదు. "మళ్లీ వాళ్లకి ఇస్తారా?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

చూడ్డానికి వచ్చేవాళ్లని ఒకే పూటలో 20 నిమిషాల తేడాతో పిలవండి. రెండు ఫ్లాట్లూ ఒకే రోజు చూపించండి, రెండు పడగ్గదులది బడ్జెట్‌కి మించినవాళ్లు కింద ఫ్లాట్ తీసుకునే అవకాశం ఉంటుంది.

చివరిగా, రెండు ఒప్పందాలూ ఒకే నెలలో ముగియకుండా చూసుకోండి, రెండూ ఒకేసారి ఖాళీ అయితే ఆదాయం సున్నా. అలాగే మీ ప్రాంతంలో ఇళ్లు ఎక్కువగా మారే కాలం ఏదో గమనించి, గడువు ఆ కాలంలో ముగిసేలా మొదటి ఒప్పందాన్ని 11 లేదా 12 నెలలకి బదులు 9 లేదా 14 నెలలకి రాయండి. అలా మార్చడానికి మీ చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. ఎవరూ ఇళ్లు మారని నెలలో ఖాళీ అయిన ఇంటికి ఎంత మంచి ఫొటోలు పెట్టినా ఫోన్లు తక్కువే వస్తాయి.